బాపు వేట ఫొటోలు, ట్రంకుపెట్టెలో చిరుత తోలు

పేరు, ఊరు బయటపెట్టొద్దని కోరారు కాబట్టి ఉత్తరంలోని సంగతి వరకే చెబుతాం. రాసినావిడది పాత ఆదిలాబాద్ జిల్లా. వాళ్ల బాపుకు, అంటే నాన్నకు, 80 నిండాయి. 1962 నుంచి 1969 దాకా, అంటే పదిహేడో ఏట మొదలుపెట్టి పెళ్లయ్యేదాకా, ఆయన తన పెద్దనాయన వెంట జన్నారం, ఉట్నూరు అడవులకు వేటకు పోయేవారు. పర్మిట్ తీసుకుని, ఫారెస్టు బంగళాలో దిగి, జీపుల్లో, ఎడ్లబండ్ల మీద తిరిగిన ఆ రోజుల ఫొటోలు నూరుకు పైనే ఉన్నాయి. కొన్ని నల్ల అట్టల ఆల్బంలో మూలలకు తగిలించినవి, కొన్ని 1980ల్లో ఎవరో బంక పేజీల ఆల్బంలోకి మార్చినవి. భార్య పోయాక ఆయనకు మధ్యాహ్నాలు ఆ ఆల్బంతోనే గడిచేవి. ఎవరు పక్కన కూర్చున్నా పేజీ తిప్పుతూ చెబుతూ పోయేవారు.

అందులో ఒక ఫొటో, చచ్చిన చిరుత పక్కన ఆయన మోకాలి మీద కూర్చుని తుపాకి పట్టుకున్నది, ఈవిడ తమ్ముడి కొడుక్కి నచ్చింది. మొబైల్ యాప్‌లో రంగులద్ది ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు. లైకుల కన్నా తిట్లే ఎక్కువొచ్చాయి. ఎవరో అటవీ శాఖను ట్యాగ్ కూడా చేశారు. ఈవిడ కూతురు, అడవిలో జంతువు కదిలితే వాటంతటవే ఫొటో తీసే కెమెరా ట్రాపులతో పులుల సర్వేలు చేసే ఉద్యోగంలో ఉంది. సెలవులకు వచ్చి, "ఇందులో గర్వపడేదేముంది తాతా?" అని అన్నం దగ్గర అనేసింది. ఆయన ఏమీ మాట్లాడలేదు. ఆ రోజు నుంచి ఆల్బం తీయడం మానేశారు.

ఇప్పుడు సహస్ర చంద్ర దర్శనం దగ్గరపడింది. తమ్ముడు అదే చిరుత ఫొటోను ఫ్లెక్సీ కొట్టించి గుమ్మంలో పెడతానంటున్నాడు. అలాగైతే నేను రానంటోంది కూతురు. వీటన్నిటి కింద ఇంకో సంగతి ఉంది: ట్రంకుపెట్టెలో ఆ చిరుత తోలు, బంగారంలో పొదిగిన రెండు పులిగోళ్లు ఉన్నాయి. కాగితాలున్నాయో లేదో ఎవరికీ తెలియదు. "ఫొటోలతో సహా అన్నీ కాల్చేస్తే పీడా పోతుంది" అని మరిది సలహా. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి, బాపుతో మళ్లీ ఎలా మాట కలపాలి అని ఆవిడ అడుగుతున్నారు.

సమాధానం

అమ్మా, ముందుగా, ఏదీ కాల్చకండి. మీ మరిదిగారు పీడ అనుకుంటున్న ఆ ఫొటోలే రేపు మీ కుటుంబం తరఫున మాట్లాడగలిగిన కాగితాలు. అదెలాగో కింద చెబుతాను.

మీ ఉత్తరంలో ఫొటోలు, తోలు, ఇంట్లో మాటల పట్టింపు మూడూ ఒకే చిక్కుగా కనబడుతున్నాయి. విడదీస్తే ఒక్కటే తొందరపెట్టేది, తోలు. పాత వేట ఫొటో దగ్గరుంచుకోవడం, చూసుకోవడం, ఇతరులకు చూపించడం ఏ చట్టం కిందా నేరం కాదు. తోలు, గోళ్లు, కొమ్ములు, తలకాయల సంగతి పూర్తిగా వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దృష్టిలో అవి 'ట్రోఫీ'లు. వేటాడినప్పుడు పర్మిట్ ఉండటం ఒకటి, ఇవాళ ఆ వస్తువు ఇంట్లో ఉండటానికి హక్కు ఉండటం ఇంకొకటి. చాలా కుటుంబాలు తడబడేది ఇక్కడే. "మా తాత లైసెన్సు మీద కొట్టాడు" అన్న మాట మొదటిదానికి జవాబు, రెండోదానికి కాదు.

రెండోదానికి కావాల్సింది యాజమాన్య ధ్రువపత్రం. దాన్ని ఇచ్చేది రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి, అంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్. చట్టం అమల్లోకి వచ్చిన కొత్తలో ఇలాంటి వస్తువులున్నవాళ్లు 30 రోజుల్లో వెల్లడించాలన్నారు. తెలియకో, పట్టించుకోకో చాలామంది చేయలేదు. 2003 ఏప్రిల్‌లో కేంద్రం నిబంధనలు తెచ్చి మరో 180 రోజుల గడువిచ్చింది. అప్పట్లో పేపర్లలో చూసి మీ బాపు గానీ, పెద్దనాయనగారి పిల్లలు గానీ దరఖాస్తు పెట్టారేమో ముందు తెలుసుకోండి. పాత తుపాకి లైసెన్సు పుస్తకం, పొలం పాసుపుస్తకాలు, ఎల్‌ఐసీ బాండ్లు పెట్టే సంచీ వెతకండి. తోలు వెనకవైపు మూలల్లో ముద్ర, నంబరు, తగిలించిన బిళ్ల ఉందేమో చూడండి. వెల్లడించిన వస్తువుల మీద అధికారులు గుర్తు వేసే పద్ధతి చట్టంలోనే ఉంది. తోలు శుద్ధి చేసినవారి చీటీ కనిపించినా దాచండి. ఆ కాలంలో దక్షిణాది షికారీలు చాలామంది తోళ్లను మైసూరులోని వాన్ ఇంగెన్ కంపెనీకి పంపేవారు. అలాంటి బిల్లు ధ్రువపత్రానికి బదులు కాదు గానీ, వస్తువు వయసు చెబుతుంది.

వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. ఆ రోజుల్లో తోళ్లకు పురుగు పట్టకుండా ఆర్సెనిక్ అనే విషం పూసేవారు. అది ఇన్నేళ్ల తర్వాతా పొడిగా రాలుతుంది. చేతికి రబ్బరు తొడుగులు, ముక్కుకు మాస్కు పెట్టుకుని తీయండి. దులపొద్దు, ఉతకొద్దు, ఎండలో ఆరేయొద్దు. చిన్నపిల్లలను దగ్గరికి రానీయొద్దు.

పత్రం దొరికితే దారి సులువు. బాపు ఉన్నంతకాలం తోలు ఆయనదే. ఆయన తర్వాత ఎవరికి వస్తే వాళ్లు 90 రోజుల్లో వార్డెన్‌కు వెల్లడించాలి. ఇంట్లో ఎవరికీ అక్కర్లేదనుకుంటే, 2022 సవరణతో ఇంకో వెసులుబాటు వచ్చింది: వార్డెన్‌కు ఏడు పనిదినాల ముందు నోటీసిచ్చి అప్పగించేయవచ్చు. పరిహారమేమీ రాదు, వస్తువు ప్రభుత్వపరమవుతుంది. అమ్మడం మాత్రం పత్రం ఉన్నా కుదరదు.

పత్రం దొరక్కపోతే మెత్తగా చెప్పడం కష్టం. చిరుత, పులి రెండూ చట్టం గట్టి రక్షణ ఇచ్చే జాబితా అయిన షెడ్యూల్ 1లో ఉన్నాయి. శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్లు, జరిమానా కనీసం 25,000 రూపాయలు. పైగా మామూలు కేసుల్లోలాగా తప్పు రుజువు చేసే భారం పూర్తిగా ప్రభుత్వం మీద ఉండదు. ట్రోఫీ మీ దగ్గర దొరికితే అది అక్రమంగా ఉన్నట్టే ముందు భావిస్తారు, కాదని చూపించుకోవాల్సింది మీరే. ఈ పరిస్థితిలో మీ ముందు మూడు దారులున్నాయి. ఒకటి, ఎప్పటిలాగే పెట్టెలో ఉంచి ఊరుకోవడం. ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదా అనిపిస్తుంది. కానీ ఫొటో ఇప్పటికే ఇన్‌స్టాగ్రామ్‌కు ఎక్కింది, అటవీ శాఖ ట్యాగ్ అయింది, "మరి తోలు ఎక్కడ?" అని ఎవరైనా అడగడానికి ఒక్క ఫోన్ చాలు. బాపు తర్వాత ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఆయన కాదు, మీరూ మీ తమ్ముడూ. రెండు, కాల్చడమో పూడ్చడమో ఇంకొకరికి ఇవ్వడమో. ఆధారం మాయం చేశారన్న మాట అదనంగా మీద పడుతుంది. ఊళ్లో పొగ వాసన దాగదు కూడా. మూడు, వన్యప్రాణి కేసులు తెలిసిన వకీలు ద్వారా, బాపు పేరు మీద, ఆయన సంతకంతోనే రాతపూర్వకంగా వెల్లడించి అప్పగిస్తామనడం. ఇందులోనూ పూచీ లేదు. విచారణ జరగవచ్చు, వాంగ్మూలం అడగవచ్చు, పాత పర్మిట్ గురించి ప్రశ్నలు రావచ్చు. అయినా దొరికిపోవడానికీ, ముందుగా వచ్చి చెప్పడానికీ చాలా తేడా ఉంది. ఎన్నుకోవాల్సింది మీ కుటుంబమే. అడిగారు కాబట్టి, నా మొగ్గు మూడోదానికి.

గోళ్ల సంగతి. పులిగోళ్లని చెప్పి అమ్మినవాటిలో పశువుల కొమ్ముతో చెక్కినవి బోలెడుంటాయి. అసలో నకిలీయో తెలుసుకుందామని కంసాలి దగ్గరికి మాత్రం తీసుకెళ్లకండి. బంగారం విడదీయించకండి. అవసరమైతే అధికారులే డీఎన్‌ఏ పరీక్షకు పంపుతారు. కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన అలాంటి ప్రయోగశాల హైదరాబాద్‌లోనే ఉంది. ఫంక్షన్ రోజు ఆ గొలుసు ఎవరి మెడలోనూ ఉండకూడదని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పండి. మనవళ్లకు వేసి ఫొటోలు తీయాలన్న సరదా పెద్దవాళ్లకు అలాంటప్పుడే పుడుతుంది.

ఇక ఆ ఫొటో ఎందుకు పనికొస్తుందో చెబుతాను. చిరుత ఒంటి మీది మచ్చల అమరిక ఏ రెండు జంతువులకూ ఒకేలా ఉండదు. మీ అమ్మాయి కెమెరా ట్రాపు ఫొటోల్లో ఏ చిరుత ఏదో గుర్తుపట్టేది ఆ మచ్చలను బట్టే. పెట్టెలోని తోలు, ఫొటోలోని చిరుత ఒకటేనని మచ్చలు కలిపి చూపించగలిగితే, ఆ జంతువు 1972కు ముందే చనిపోయిందనడానికి గట్టి ఆధారం దొరుకుతుంది. దాంతో యాజమాన్య హక్కు వచ్చేయదు. కానీ 'కొత్తగా చంపి తెచ్చింది' అన్న అనుమానాన్ని అది తీసేస్తుంది, విచారణలో అన్నిటికన్నా బరువైన అనుమానం అదే.

కలపడం ఇలా. తోలును తెల్ల దుప్పటి మీద బొచ్చు పైకి ఉండేలా పరవండి, లాగి సాగదీయకండి. ఎండపొడ పడని పగటి వెలుతురులో, సరిగ్గా పైనుంచి, పక్కన 30 సెంటీమీటర్ల స్కేలు పెట్టి రెండు పక్కలూ విడివిడిగా ఫొటో తీయండి. పాత ఫొటోలో ఏ పక్క కనిపిస్తుందో ఆ పక్కన భుజం నుంచి తుంటి దాకా కొట్టొచ్చినట్టున్న మచ్చలు ఎనిమిదో పదో ఎంచుకుని, దేని పక్కన ఏ ఆకారం ఉందో వరసగా పోల్చాలి. శుద్ధి చేసిన తోలు సాగుతుంది, కాబట్టి మచ్చల మధ్య దూరాన్ని పట్టుకోకండి, వరసను పట్టుకోండి. ఎంతకీ కలవకపోతే నెగెటివ్ తిరగేసి ప్రింటు తీశారేమో చూడాలి. దానికి బాపు చొక్కా చాలు. మగవాళ్ల చొక్కాకు జేబు ఎడమ రొమ్ము మీద ఉంటుంది. ఫొటోలో ఆయన కుడి రొమ్ము మీద కనిపిస్తే ఆ ప్రింటు తిరగబడిందే, ఎదురు పక్కతో పోల్చండి. ఈ పని మీ అమ్మాయి చేతికే ఇవ్వండి. ఇంట్లో చేయగలిగింది ఆమె ఒక్కతే.

దీనికోసమైనా ఫొటోలను సరిగ్గా స్కాన్ చేయించాలి. మొబైల్‌తో తీసిన ఫొటోలో మచ్చలు తేలవు. చదరంగా, రెండుంబావు అంగుళాలున్న చిన్న ప్రింట్లు ఎక్కువగా ఉంటే అవి బహుశా ఆగ్ఫా క్లిక్-3 లాంటి డబ్బా కెమెరాతో, 120 రకం ఫిల్ము రోలుకు పన్నెండు చొప్పున తీసినవి. నెగెటివ్ సైజులోనే ప్రింటు వేసేవారు. అంత చిన్నవాటిని 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కలు) స్కాన్ చేస్తే ఒక్కో వైపు 2700 పిక్సెళ్లొస్తాయి, తొమ్మిది అంగుళాల దాకా పెంచి ప్రింటు తీసుకోవచ్చు. పోస్టుకార్డు సైజువాటికి 600 సరిపోతుంది. నెగెటివ్‌లు దొరికితే అదృష్టం, వాటిని 2400లో చేయించండి. అసలు కాపీని నాణ్యత తగ్గని ఫైల్ రకమైన టిఫ్‌లో ఉంచుకుని, పంచుకోవడానికి జేపెగ్ వాడండి. ప్రతి ఫొటో వెనకవైపు కూడా స్కాన్ చేయాలి. స్టూడియో ముద్ర, పెన్సిల్ రాత, తారీఖు అక్కడే ఉంటాయి. నెగెటివ్ డబ్బా తెరవగానే వెనిగర్ వాసన గుప్పుమంటే ఫిల్ము చెడిపోవడం మొదలైనట్టే, వాటిని మిగతావాటి నుంచి వేరుచేసి ముందుగా స్కాన్ చేయించండి.

నల్ల అట్టల ఆల్బం జోలికి పోకండి, దానికేం కాదు. ప్రమాదమంతా బంక పేజీల దాంట్లో. ఆ బంక ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి ఫొటో వెనక నుంచి లోపలికి దిగుతుంది, పైన కప్పిన ప్లాస్టిక్ పొర ముందు నుంచి అంటుకుంటుంది. ప్లాస్టిక్ పొరను మెల్లిగా, వెనక్కి మడిచినట్టు తీయండి. దాంతోపాటు ఫొటో పైపొర లేస్తుంటే అక్కడే ఆపండి. తర్వాత మైనం లేని డెంటల్ ఫ్లాస్ రెండు చేతుల వేళ్లకు చుట్టుకుని, ఫొటో ఒక మూల కింద దూర్చి, రంపం కోసినట్టు అటూ ఇటూ లాగుతూ ముందుకు పోవాలి. వంచాల్సింది పేజీని, ఫొటోను కాదు. ఫొటో వంగితే పైన గీతల్లా పగులుతుంది, ఆ పగులు మళ్లీ కలవదు. హెయిర్ డ్రయ్యర్ వేడికి బంక మెత్తబడే మాట నిజమే, ఫొటో మీది జెలటిన్ పొర కూడా మెత్తబడుతుంది. అందుకే అది చివరి ప్రయత్నం, అదీ పేజీ వెనక నుంచే. రానిదాన్ని పేజీతో సహా స్కాన్ చేసి, చుట్టూ అట్ట కత్తిరించి అలాగే దాచుకోండి. అద్దానికి అంటుకున్న ఫొటో ఉన్నా అంతే, అద్దం మీదుగానే స్కాన్.

నల్లగా ఉన్న చోట్ల వెండి మెరుపు కనిపిస్తే తుడవకండి, అది మురికి కాదు, ఫొటోలోని వెండే పైకి తేలింది. తడిగుడ్డ అసలే వద్దు. పాత ప్రింట్ల వెనక మెత్తటి 2బీ పెన్సిల్‌తో, అంచున, చిన్నగా నంబరు వేయండి. బాల్‌పెన్ ఒత్తు ముందుకు తేలుతుంది. అటక మీద, బాత్రూం గోడకు ఆనుకున్న బీరువాలో పెట్టొద్దు. కలరా ఉండలు వద్దు, పీవీసీ కవర్లు వద్దు. మామూలు తెల్ల కాగితపు కవర్లు, గాలి ఆడే అట్టపెట్టె, అంతే.

రంగులద్దిన కాపీని మీ మేనల్లుడితో తీయించండి. యాప్ వేసిన రంగుల వల్ల అరవై ఏళ్ల నాటి ఫొటో నిన్న తీసినట్టు కనిపిస్తుంది, సంవత్సరం రాయకపోతే చూసేవాళ్లకు తెలిసే దారే లేదు. తీసే ముందు ఆ పోస్టు, కామెంట్లు తేదీతో సహా స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి, వకీలు అడగవచ్చు.

ఇక బాపు. అమ్మాయి అన్నదాంట్లో తప్పు లేదు. 1972లో దేశమంతా లెక్కిస్తే పులులు 1,827 మాత్రమే తేలాయి, మరుసటి ఏడే ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. అడవులు నరకడం ఎంత కారణమో తుపాకులూ అంతే కారణం. బాపు మౌనంలోనూ తప్పు లేదు. ఆ రోజు కాగితం మీద సక్రమమైన పనికి ఈ రోజు కూర్చున్నచోట సంజాయిషీ చెప్పమంటే ఎవరికైనా నోరు పెగలదు. ఎవరిది ఒప్పో తేల్చే పంచాయితీ పెట్టకండి. ఆయన ఆ పేజీల్లో ఎవరిని చూసుకుంటున్నారో కనుక్కోండి. పదిహేడేళ్లవాణ్ని వెంట తీసుకుపోయిన పెద్దనాయన, జీపు డ్రైవరు, వంటమనిషి, వాళ్లంతా ఇప్పుడు ఆ ఆల్బంలోనే ఉన్నారు.

ఆల్బం మీరు తెరవండి, చిరుత ఉన్న పేజీతో మాత్రం కాదు. పొద్దున ఆయన ఓపికగా ఉన్నప్పుడు, అరగంట మించకుండా, ఒకటి రెండు పేజీలు. ఫోన్‌లో రికార్డింగ్ పెడతానని చెప్పి పెట్టండి. "ఏ సంవత్సరం?" అని మొదలుపెడితే గుర్తురాక విసుక్కుంటారు. "ఈ ఫొటో తీసిందెవరు బాపూ?" అని అడగండి. ఫొటోలో కనిపించని ఆ మనిషి పేరుతో మాట కదులుతుంది. నీళ్లు ఎక్కడ తెచ్చుకునేవారు, బంగళాలో వంటేమిటి, మంచె ఎవరు కట్టారు, డప్పులు కొట్టి అడవి తోలడానికి ఏ గూడెం నుంచి వచ్చేవారు, కూలి ఎంతిచ్చేవారు? అలాంటి గ్రూపు ఫొటోల్లో తుపాకులవాళ్లు మధ్యలో, పేర్లతో ఉంటారు. అంచున నిలబడ్డ గోండులకు, నాయకపోడులకు పేర్లుండవు. ఆ పేర్లు చెప్పగలిగినవాళ్లలో మీ బాపు ఆఖరివారు కావచ్చు. ఒక్కటి గుర్తొచ్చినా రాసుకోండి. ఆ గూడెం తెలిస్తే వాళ్ల మనవళ్లకు ఆ ఫొటో ప్రింటు పంపండి. వాళ్ల దగ్గర తాతల ఫొటో ఒక్కటీ లేకపోవచ్చు.

తేదీలు మీరూ అమ్మాయీ ఫొటోలోంచే పట్టవచ్చు. టేకు ఆకు రాల్చి ఉంటే మాఘం దాటినట్టు. ఆకులేని కొమ్మల నిండా గుత్తులు నల్లగా కనిపిస్తే అది మోదుగ, ఫిబ్రవరి, మార్చి నెలలు. కణుజు (సాంబర్ దుప్పి) కొమ్ముల మీద ఇంకా నూగుతోలు ఉంటే వానాకాలం, గట్టి కొమ్ములైతే చలికాలం. చుక్కల దుప్పి కొమ్ముల్ని మాత్రం నమ్మకండి, వాటికి కాలం లేదు. వెనక చెట్ల మీద రాబందులు ఉన్నాయేమో భూతద్దంతో చూడండి. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు వల్ల 1990ల నుంచి వాటి సంఖ్య కుప్పకూలింది. పాత ఆదిలాబాద్‌లో ఇప్పుడు బెజ్జూరు వైపు గుట్టల్లో కాసిన్ని మిగిలాయని చెప్పుకునే పరిస్థితి. ఆ రోజు ఏ వాగు దగ్గర ఎన్ని కూర్చున్నాయో ఒక ఫొటోలో ఉంటే అది మీ అమ్మాయి ఉద్యోగానికి పనికొచ్చే సమాచారం, దాన్ని విప్పి చెప్పగలిగింది వాళ్ల తాత. జన్నారం చుట్టూ ఉన్న కవ్వాల్ అడవి 1965లో అభయారణ్యం అయింది, 2012లో పులుల రిజర్వు అయింది. వాళ్లిద్దరూ తిరిగింది ఇంచుమించు ఒకే అడవి. కలిసి కూర్చోమని మీరు బలవంతపెట్టనక్కర్లేదు, పని ఉంటే కూర్చుంటారు.

ఫ్లెక్సీ విషయంలో తమ్ముడికి మూడు మాటలు చెప్పి చూడండి. చిరుత ఫొటో గుమ్మంలో పెడితే వచ్చిన నూరుమందిలో పదిమంది సెల్‌లో తీసుకుంటారు, సాయంత్రానికి మళ్లీ ఆన్‌లైన్. తోలు వ్యవహారం తేలకముందు అది మనంతట మనం పెట్టుకునే కొరివి. అసలు ఫొటోలే వద్దంటే బాపు యవ్వనాన్ని తుడిచేసినట్టవుతుంది, ఆయనకు తెలుస్తుంది కూడా. మధ్యదారి, అదే ఏళ్ల నాటి వేరే ఫొటో: బంగళా మెట్ల మీద పెద్దనాయనతో కూర్చున్నదో, జీపు బానెట్ మీద చేయి వేసి నిలబడ్డదో. ఆల్బంను లోపల గదిలో బల్ల మీద ఉంచితే చూడాలనుకున్నవాళ్లు చూస్తారు. ఏ ఫొటో అనేది బాపునే ఎన్నుకోనివ్వండి. ఆయన చిరుతదే కావాలంటే, "తోలు సంగతి తేలేదాకా ఆగుదాం బాపూ" అని ఉన్నదున్నట్టు చెప్పండి. తుపాకి లైసెన్సు ఏటేటా చూసుకున్న మనిషికి కాగితం విలువ మీకన్నా బాగా తెలుసు.

వకీలును కలవడం ఫంక్షన్‌కు ముందే జరగాలి, తర్వాత కాదు. వెళ్లేటప్పుడు తోలు కార్లో వేసుకుని వెళ్లకండి, అది ఇంట్లోంచి కదలకూడదు. అసలు ఫొటో కూడా ఇవ్వకండి. రెండు వైపులా స్కాన్ చేసిన ప్రింట్లు, తోలు ఫొటోలు, మచ్చలు కలిపిన కాగితం, తుపాకి లైసెన్సు నకలు, బాపు ఆధార్ నకలు చాలు. బాపు వెంట రాగలిగితే మంచిది. రాలేకపోతే వకీలునే ఇంటికి పిలిపించి, ఆయన మాటల్లోనే రాయించి, చదివి వినిపించాకే సంతకం పెట్టించండి.